మెట్లెక్కితే ఆయాసం: కాన్పప్పుడు వచ్చిన షుగర్‌కీ దీనికీ సంబంధం ఉందా?

కుట్టుమిషన్_తెనాలి:
అందరికీ నమస్కారం. నాకు 47 ఏళ్లు. ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. నెలసరి ఆగి ఏడాది దాటింది. రెండు నెలలుగా డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్తే సగం మెట్లకే ఆయాసం. పైకెళ్లి బకెట్ కింద పెట్టి, కాసేపు పిట్టగోడ పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. గుండెలో నొప్పి లేదు. ఒక్కోసారి వీపు మధ్యలో బరువుగా ఉంటుంది. మిషన్ మీద వంగి కూర్చోవడం వల్లేమో అనుకున్నాను.

మా ఆయనకు ఆఫీసువాళ్లు ఏటా పరీక్షలు చేయిస్తారు. నేను మాత్రం కాన్పుల తర్వాత రక్తపరీక్షకు వెళ్లింది ఇదే మొదటిసారి, అదీ మా అమ్మాయి పోరు పడలేక. పరగడుపు షుగర్ 112, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు 210, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 38, బీపీ 138/88. నడుము నా టేపుతోనే కొలుచుకున్నాను, 37 అంగుళాలు. 2004లో రెండో కాన్పుకు ఏడో నెలలో షుగర్ వచ్చింది, చివర్లో బీపీ కూడా. పాప పుట్టాక రెండూ తగ్గాయి, ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ల్యాబ్‌లో "అన్నీ బోర్డర్‌లోనే ఉన్నాయమ్మా" అన్నారు. నెలసరి ఆగిన నీరసమని ఊరుకోవచ్చా?

ఓరుగల్లు_కోడలు:
ఊరుకోవద్దు అక్కా. మా అత్తమ్మకు ఛాతీనొప్పి రానే లేదు. దవడ లాగుతోందంది, వికారమంది, చెమటలు పోశాయి. సద్దుల బతుకమ్మ పనులతో అలసిపోయిందనుకుని గ్యాస్ గోలీ ఇచ్చాం. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్తే, రాత్రే హార్ట్ ఎటాక్ వచ్చిందన్నారు. స్టెంట్ వేశారు, బతికింది. కానీ గుండె పంపింగ్ తగ్గింది, ఇప్పుడు నీళ్ల బిందె ఎత్తలేదు. ఆ గోలీ ఇచ్చింది నేనే. అందుకే మీకు రాస్తున్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
గుండె ఐసీయూలో పన్నెండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. విడివిడిగా చూస్తే బోర్డరే. కానీ నడుము, షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, ఈ ఐదింటిలో మూడు తేడాగా ఉన్నా చాలు, మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, అంటే గుండెజబ్బు, షుగర్ ముప్పు పెంచే తేడాలన్నీ ఒకేచోట చేరడం. మీకు ఐదూ తేడాగానే ఉన్నాయి. మన ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. హెచ్‌డీఎల్ 50 పైన ఉండాలి. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగర్, బీపీ వచ్చినవాళ్లకు అవి కాన్పుతో తగ్గినా, తర్వాత గుండెజబ్బు ముప్పు ఎక్కువే. డాక్టర్ అడగకపోయినా ఈ సంగతి మీరే ముందు చెప్పండి.

ఆడవాళ్లలోనూ ఎక్కువమందికి ఛాతీలోనే నొప్పి వస్తుంది. అది లేదని గుండె కాదనుకోకండి. ఈ వారమే వెళ్లండి. ఈసీజీ బాగుందన్నారని లేచి వచ్చేయకండి. పడుకోబెట్టి తీసే ఈసీజీలో, శ్రమపడితే వచ్చే ఇబ్బంది కనిపించకపోవచ్చు. "మెట్లెక్కితేనే వస్తోంది" అని గట్టిగా చెప్పండి. ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ (నడిపిస్తూ తీసే ఈసీజీ) కావాలో వద్దో వాళ్లు చూస్తారు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా అడగండి. కూర్చుని ఉన్నప్పుడే ఆయాసం, చెమటలు వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

కుట్టుమిషన్_తెనాలి:
పండగ ఆర్డర్లున్నాయని వచ్చే నెల చూద్దామనుకున్నాను. గురువారానికి గుంటూరులో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కాన్పు కాగితాలు బీరువా అడుగున దొరికాయి, పట్టుకెళ్తున్నాను. సిస్టర్ గారి మాట చదివాక నా కొలతల పుస్తకం తిరగేశాను. నలభై దాటినవాళ్లలో నడుము 32 లోపు ఉన్నది ఇద్దరికే. ఇక బట్టలకు వచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతాను, కాన్పప్పుడు షుగర్ గానీ బీపీ గానీ వచ్చిందా అని.