గిటార్ మెడ అతుకు తెరుచుకుంది, ఏ జిగురుని నమ్మాలి?

పటమట తీగలు (రాత్రి 10:47)
పొద్దున్నించీ దీంతోనే సరిపోయింది, అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆరు నెలలుగా ఒక అకౌస్టిక్ గిటార్ చేస్తున్నా. మెడకీ తలకీ మధ్య స్కార్ఫ్ జాయింటు వేశా, అంటే రెండు ముక్కల్నీ ఏటవాలుగా కోసి అతికించడం. జిగురు రెండు వైపులా పట్టించి, నాలుగు జీ క్లాంపులు బిగించి, రెండు రోజులు కదపలేదు. మూడు వారాలు రాయిలా ఉంది. ఇవాళ చూస్తే తల కాస్త ముందుకి లేచి, అతుకు దగ్గర వెంట్రుక మందాన నోరు తెరిచింది. అంతా పద్ధతిగానే చేశా. ఇంతకంటే గట్టి జిగురు ఏదుంది? ఎవరైనా సూటిగా చెప్పండి.

చిత్రిక (10:55)
ఏం చెక్క? ఏం జిగురు? తీగలు ఎక్కించావా? ఫోటో పెట్టు.

సత్యనారాయణపురం వీణ (11:08)
బాబూ, నా మాట విను. అసలు అతుకు ఎందుకు పెట్టాలి? బొబ్బిలిలో పనస దుంగ తీసుకుని ఒకే చెక్కలో వీణ చెక్కుతారు. ఏకాండి వీణ అంటే అది. మన పక్కనే నూజివీడులోనూ పనసతోనే చేస్తారు. అతుకు లేని చోట ఊడేది ఏముంది? నాదం కూడా తెగకుండా పారుతుంది. మా ఇంట్లో వీణ నాకంటే పెద్దది, ఇప్పటికీ దండి (మెడ) వంగలేదు. మనవాళ్ళ పద్ధతి వదిలేసి ముక్కలు అతికించుకుంటూ కూర్చుంటే ఇలాగే ఉంటుంది.

పటమట తీగలు (11:15)
టేకు. మా తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన ద్వారబంధం, బాగా పాతది. మామూలు తెల్ల జిగురు. 20 మిల్లీమీటర్ల మందం, 14 డిగ్రీల కోత. తీగలు ఎక్కించా, 12 నంబరు సెట్టు (అన్నిటికంటే సన్న తీగ అంగుళంలో వెయ్యికి 12 వంతుల మందం). ఫోన్‌లో ఫోటో సరిగ్గా రావట్లేదు.

రెండు ట్యూబులు (11:17)
టేకుకి తెల్ల జిగురు పనికిరాదు. ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడే జిగురు) వాడు. అయిపోయింది.

బ్రాడీపేట రిపేరు (11:39)
మాస్టారూ, వీణ సంగతి వేరండీ. వీణలో తీగల లాగుడు బిరడల (తీగలు బిగించే మేకుల) దగ్గరే ఆగిపోతుంది, చివర ఉండే యాళి (సింహం లాంటి బొమ్మ) ముఖం మీద పడదు. గిటార్‌లో బిరడలన్నీ వెనక్కి వాలిన ఆ తలలోనే ఉంటాయి. ఆ తలని ఒకే చెక్కలో కోస్తే వంపు దగ్గర నార అడ్డంగా తెగిపోతుంది, పొట్టి నార మిగులుతుంది. గిబ్సన్ గిటార్లు కింద పడితే తల దగ్గరే విరగడానికి అదొక కారణం. వాటిలో చాలావాటికి మెడా తలా ఒకే మహాగని ముక్క, వాలు 17 డిగ్రీలు. పైగా సరిగ్గా అక్కడే ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల పెట్టే ఇనుప కడ్డీ) కోసం గుంత తవ్వుతారు. ఏటవాలుగా అతికితే తలలో నార పొడుగునా నిలుస్తుంది. తమ్ముడు అతుకు పెట్టడం తప్పు కాదు.

14 డిగ్రీలకి 20 మిల్లీమీటర్ల చెక్క అంటే అతుకు పొడవు 83 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. జిగురు పట్టడానికి అది చాలు.

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. అతుకు విరిగిందా, ఊడిందా, జారిందా? మూడింటికీ మందు వేరు.

సత్యనారాయణపురం వీణ (11:46)
అతుకు జారడం ఏమిటండీ? జారేది కాలు. అతుకైతే ఊడుతుంది. మాటలు సరిగ్గా వాడాలి.

చిత్రిక (11:49)
మా పనిలో జారిందనే అంటాం.

బ్రాడీపేట రిపేరు (11:58)
మాట కోసం పట్టుబట్టడం కాదండీ, చూసి చెప్పడానికి అది పనికొస్తుంది. విరిగితే చెక్క నార చీలి రెండు వైపులా కనిపిస్తుంది, అంటే జిగురు దాని పని అది చేసింది. ఊడితే ఒక వైపు జిగురు పొర అద్దంలా నున్నగా ఉంటుంది, రెండో వైపు ఉత్త చెక్క. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అలా కావడానికి వీలుంది. జారితే విరగదు, పూర్తిగా ఊడదు, బరువు కింద కొంచెం కొంచెంగా కదులుతుంది. తమ్ముడూ, అతుకు గీత మీద అడ్డంగా గోరు పెట్టి లాగు. గోరు తట్టుకుంటే జారినట్టు.

పటమట తీగలు (రాత్రి 12:10)
తట్టుకుంటోంది అన్నా! రెండు పక్కలా. ముందు నున్నగా ఉండేది, నేనే ఎమ్రీ పేపర్ పట్టా. ఇప్పుడు కాగితం మందాన మెట్టు ఉంది.

బ్రాడీపేట రిపేరు (12:13)
గిటార్ ఎక్కడ పెట్టావు? ఎండ తగిలిందా?

పటమట తీగలు (12:19)
నిన్న మధ్యాహ్నం పాలిష్ ఆరడానికి డాబా మీద పెట్టా. పన్నెండు నుంచి మూడు దాకా. తలకి నల్ల పాలిష్. తీగలు విప్పలేదు, శ్రుతిలోనే ఉంది. ఎండలో అయితే త్వరగా ఆరుతుందనుకున్నా. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

బ్రాడీపేట రిపేరు (12:41)
అదే సంబంధం. బెజవాడ ఎండలో, అదీ మే నెలలో, నల్ల పాలిష్ వేసిన చెక్క చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. తెల్ల జిగురు 60 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడుతుంది. నీ 12 నంబరు సెట్టు ఆరు తీగలూ కలిపి 70 కిలోల పైనే లాగుతున్నాయి. మూడు గంటలు మెత్తబడ్డ జిగురు మీద 70 కిలోలు. రాయిలా ఉన్న మాట నిజమే, నీడలో ఉన్నంతకాలం.

తల ముఖం మీద పల్చటి చెక్క రేకు అతికించావా? అతుకు గీత దాటేలా రెండు మూడు మిల్లీమీటర్ల రేకు ఉంటే చాలా పట్టు వస్తుంది. ఆ మాట నువ్వు ఎక్కడా రాయలేదు.

పటమట తీగలు (12:44)
లేదు. చెక్క అందం కనిపించాలని వదిలేశా.

రెండు ట్యూబులు (12:46)
అందుకే ఎపాక్సీ అన్నది.

బ్రాడీపేట రిపేరు (1:05)
బ్రదర్, మామూలుగా చల్లగా గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర అవీ మెత్తబడతాయి. టేకుకి ఎపాక్సీ మంచిదే, నేనూ వాడతా, కానీ డాబా మీద పెడితే అదీ కాపాడదు. పాత సరేసు (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు) పొడిగా ఉన్నంతకాలం అసలు జారదు. మన ఎండాకాలం దానికి మంచిదే, త్వరగా గడ్డ కట్టదు, క్లాంపులు బిగించడానికి టైము దొరుకుతుంది. వానాకాలం చెమ్మకి వేడి తోడైతే మాత్రం దానికీ బలం తగ్గుతుంది.

తమ్ముడూ, ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. తీగలు తీసెయ్. సన్నటి నోట్లోకి కొత్త జిగురు దూర్చకు, పాత జిగురు పొర మీద కొత్తది పట్టదు. ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో పెట్టి, మధ్యలో గుడ్డ వేసి అతుకు మీద ఆనించు. మెత్తబడగానే పల్చటి కత్తి దూర్చి విడదియ్. ఏ గుణం వల్ల చెడిందో ఆ గుణమే ఇప్పుడు సాయం చేస్తుంది. తర్వాత రెండు ముఖాలూ కొత్త చెక్క బయటపడేదాకా చిత్రిక పట్టు, చిత్రిక పదును ముఖ్యం. మొద్దు చిత్రిక నారని నలిపి మెరిసేలా చేస్తుంది, జిగురు లోపలికి దిగదు. ఒక నీటి చుక్క వేసి చూడు. ముత్యంలా నిలబడితే ఇంకా నూనె ఉన్నట్టు. అసిటోన్‌తో తుడిచి, ఆరగానే అతికించు. రేపటిదాకా వదిలేస్తే నూనె మళ్ళీ పైకి వస్తుంది.

గిటార్ మీద పెట్టే ముందు ఆ ద్వారబంధం ముక్కలే రెండు తీసుకుని ఇదే కోత, ఇదే జిగురు వేసి, ఒక రోజు ఆగి వైస్‌లో పెట్టి విరిచి చూడు. చెక్క చీలాలి, గీత వెంట తెరుచుకోకూడదు. నేను ఇప్పటికీ కొత్త చెక్క వచ్చిన ప్రతిసారీ ఒక ముక్క విరుస్తా.

సత్యనారాయణపురం వీణ (ఉదయం 5:52)
ఎండ మాట నిజం. వీణకి 24 మెట్లూ (తీగ నొక్కే అడ్డకడ్డీలు) మైనంలోనే కూర్చుంటాయి. ఎండ తగిలితే మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది, శ్రుతి పోతుంది. మా గురువుగారు కిటికీ పక్కన కూడా వీణ పెట్టనిచ్చేవారు కాదు. ఇది ముందే చెప్పాల్సింది, నిన్న ఏకాండి మాటలో పడి మర్చిపోయాను. అయినా ఒకే చెక్క మేలు.

చిత్రిక (6:30)
క్లాంపు బిగిస్తుంటే ఏటవాలు ముక్కలు పక్కకి జరుగుతాయి. జిగురులో నాలుగు ఉప్పు రవ్వలు చల్లు.

పటమట తీగలు (7:18)
విడదీశా. ఒక వైపు అద్దంలా ఉంది, ఇంకో వైపు కొంచెం నార ఉంది. అంటే జారడమూ ఊడడమూ రెండూనా? సరే, ముందు ముక్కలు విరిచి చూస్తా. థాంక్స్ అన్నా, మాస్టారూ.

కృష్ణలంక (9:40)
నాకూ టేకు మెడే. ఫ్రెట్‌బోర్డు (మెడ మీద వేళ్ళు నొక్కే పలక) వేప చెక్కతో వేయొచ్చా?