అప్‌డేట్: శాక్సోఫోన్‌లో డి స్వరం ఎట్టకేలకు పలికింది

రెండు నెలల కింద అడిగాను: నల్లగొండలో సొంతంగా ఆల్టో శాక్సోఫోన్ నేర్చుకుంటున్నా, నా సి హార్మోనియం సితో కలవట్లేదు, సి షార్ప్ నుంచి డికి వెళ్తుంటే కీచుమంటోంది, ఏం చేయాలని. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు దండాలు.

మొదటిది వెంటనే తేలింది. ఆల్టో ఈ ఫ్లాట్ (E♭) వాద్యం. దాని మీద సి వేళ్లు పెడితే హార్మోనియంలో పలికేది ఈ ఫ్లాట్, మన లెక్కలో రెండున్నర శ్రుతి.

రెండోదే ఏడిపించింది. ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటే కలుపుతూ పోతే బి, ఏ, జి వస్తాయి. కుడి చెయ్యి కలిస్తే ఎఫ్, ఈ, డి. మధ్య సి షార్ప్‌కు మాత్రం ఒక్క వేలూ నొక్కక్కర్లేదు. ఆ వెంటనే వచ్చే పై డికి ఆరు వేళ్లూ, ఎడమ బొటనవేలి కింది ఆక్టేవ్ కీ (స్వరాన్ని పై స్థాయికి ఎత్తేది), అన్నీ ఒక్కసారే పడాలి. మిర్యాలగూడలో పెళ్లి బ్యాండులో వాయించే మా మామ చూసి, "వేళ్లు అంత పైకి లేపకురా, కీల మీదనే ఉంచు" అన్నాడు. అద్దం ముందు కూర్చుంటే దొరికింది: కుడి ఉంగరపు వేలు ఒక్కటే ఆలస్యంగా దిగుతోంది! రోజూ పావుగంట, సెకనుకో స్వరం చొప్పున ఆ రెండే వాయించాను. ఇప్పుడు శుభ్రంగా పలుకుతోంది, ఎంత సంతోషమో చెప్పలేను.

అడుగున ఉండే బి ఫ్లాట్ ఇంకా మొండికేస్తోంది. కీ కింద రంధ్రాన్ని మూసే ప్యాడ్ లీకేమోనని టెన్షన్. ఆదివారం మామకు చూపిస్తా.