లైబ్రరీని పిలిచాక ప్రింట్ పనిచేయడం లేదు, అవుట్‌పుట్ డిస్క్రిప్టర్ 1ని ఎవరూ మూయలేదు. మరి ఎవరు మూశారు?

బిల్లుల_బాబు
బిల్లుల పీడీఎఫ్‌ల నుంచి సరుకుల పేర్లు తెలుగులో తీసి ప్రింట్ చేసే చిన్న పైథాన్ స్క్రిప్ట్. పీడీఎఫ్ చదవడానికి ఒక లైబ్రరీ వాడుతున్నా. దాని ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ అంతా బాగుంటుంది. అది తిరిగొచ్చాక నేను ప్రింట్ అంటే చాలు, 'ఐ/ఓ ఆపరేషన్ ఆన్ క్లోజ్డ్ ఫైల్' అని పడిపోతోంది. నేనెక్కడా క్లోజ్ రాయలేదు. లినక్స్‌లో ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం కెర్నల్‌ని అడిగే పనులన్నీ చూపించే టూల్) పెట్టి చూశా, డిస్క్రిప్టర్ 1ని, అంటే అవుట్‌పుట్‌కి కెర్నల్ దగ్గర ఉండే నంబరుని, మూసిన జాడే లేదు. రెండు రోజులుగా ఇదే టెన్షన్. ఎవరు మూస్తున్నారు? పక్క థ్రెడ్‌లో లాగ్ రాసే కోడ్‌కి కూడా ఈ దెబ్బ తగులుతుందా? సరిచేసి పంపితే లైబ్రరీ వాళ్లు తీసుకుంటారా?

సెమికోలన్_సుబ్బు
నాకూ అచ్చం ఇదే! సోర్స్ తెరిచి 'టెక్స్ట్ఐఓరాపర్' అని వెతకండి. తెలుగు అక్షరాలు సరిగ్గా పడాలని ఎస్‌టీడీ అవుట్ (ప్రింట్ రాసే చోటు) కింద బైట్లు దాచే బఫర్‌కి యూటీఎఫ్-8 రాపర్ (అక్షరాల్ని బైట్లుగా మార్చే పై తొడుగు) తొడిగి ఉంటారు, పని అయ్యాక పాత ఎస్‌టీడీ అవుట్‌ని తిరిగి పెట్టి ఉంటారు. చూడ్డానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఆ కొత్త రాపర్‌ని పట్టుకున్నవాళ్లు ఎవరూ మిగలరు కదా, పైథాన్ దాన్ని చెత్తలో పడేస్తుంది. పోతూ పోతూ అది కింది బఫర్‌ని కూడా మూసేస్తుంది. ఆ బఫర్ మీదే మీ పాత ఎస్‌టీడీ అవుట్ కూర్చుని ఉంది. అద్దెకున్నవాడు ఖాళీ చేస్తూ ఇల్లు కూల్చి పోయినట్టు. పారేసే ముందు రాపర్ మీద డిటాచ్ (బఫర్‌ని మూయకుండా విడదీసేది) పిలిస్తే చాలు, ఒక్క లైను. రెండు అండర్‌స్కోర్ల మధ్య ఉండే అసలు ఎస్‌టీడీ అవుట్ వాడదామనుకోకండి, దాని కిందా అదే బఫర్.

ప్రశ్నార్థకం
అసలు తెలుగు కోసం రాపర్ ఎందుకు తొడుగుతారో! పైథాన్ 3.7 నుంచి రీకాన్ఫిగర్ ఉంది, ఎన్‌కోడింగ్ ఒక్కటీ మార్చుకుంటే అయిపోయె. విండోస్‌లో అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించిన ప్రతిసారీ యూనికోడ్ ఎర్రర్ చూసి చూసి నా కళ్లు కాయలు కాశాయి. పైథాన్ యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేసి హాయిగా ఉన్నా.

రాత్రి_డ్యూటీ
మీది నయం, ఒక్క ప్రాసెస్‌లో పోయింది. మా బిల్డ్‌లో ఒక టూల్ నడిచి, తన పని చేసుకుని, నవ్వుతూ వెళ్లిపోయేది. దాని తర్వాత వచ్చే మేక్ (బిల్డ్ నడిపే ప్రోగ్రాం) 'రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవైలబుల్' అని చచ్చేది. అదీ లాగ్ పెద్దగా ఉన్న రోజే. వారం పట్టింది. చివరికి ప్రాక్ (కెర్నల్ ప్రాసెస్‌ల వివరాలు చూపే ఫోల్డర్) కింద ఆ ప్రాసెస్ ఎఫ్‌డీఇన్ఫోలో 1 తెరిచి చూస్తే, ఫ్లాగ్స్ 01 ఉండాల్సిన పైపుకి 04001 ఉంది. ఆ 04000 నాన్‌బ్లాకింగ్, అంటే పైపులో చోటు లేకపోతే ఆగకుండా వెంటనే ఎర్రర్ ఇచ్చేయడం. ముందు టూల్ పెట్టి, తీయకుండా పోయింది.

కోనసీమ_కోడర్
ఇంత రాద్ధాంతం దేనికి బాస్? లైబ్రరీని పిలిచే ముందు 1ని డూప్ చేసి (దానికే ఇంకో నంబరు తీసి) దాచుకోండి, తర్వాత దాని మీద కొత్త ఫైల్ తెరవండి. మా దగ్గర అలాగే ఆగింది.

పాతకాపు_సీ
డూప్‌తో ఏమీ ఆగదు. 18 ఏళ్లుగా సీ రాస్తున్నా కాబట్టి చెబుతున్నా. డూప్ చేసినా, ఫోర్క్ చేసి పిల్ల ప్రాసెస్ పుట్టించినా రెండు నంబర్లూ కెర్నల్‌లో ఒకే ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్‌ని (తెరిచిన ఫైల్ స్థితి రాసుకునే రికార్డుని) చూస్తాయి. నాన్‌బ్లాకింగ్, అపెండ్ (చివర్లోనే రాయడం), ఫైల్లో ఎక్కడున్నామనే ఆఫ్‌సెట్, అన్నీ అక్కడే. నంబరుకి సొంతంగా ఉండేది క్లోజ్-ఆన్-ఎగ్జెక్ (కొత్త ప్రోగ్రాం ఎక్కేటప్పుడు మూసుకోమనే గుర్తు) ఒక్కటే. మాన్ పేజీ (లినక్స్ మాన్యువల్) చదవకుండా సలహాలిచ్చేవాళ్లు ఎక్కువైపోయారు.

కోనసీమ_కోడర్
మాన్ పేజీ మీరొక్కరే చదివారా సార్? ఆయన అడిగింది మూసుకుపోవడం గురించి. ఫ్లాగుల గురించి కాదు. ఒక నంబరు మూస్తే డూప్ చేసిన రెండోది బతికే ఉంటుంది, ఇది కూడా మాన్ పేజీలోనే ఉంది.

పాతకాపు_సీ
నేను రాత్రి_డ్యూటీకి చెప్పాను.

కోనసీమ_కోడర్
నా పోస్టు కిందే రాశారు మరి.

రాత్రి_డ్యూటీ
నన్ను మధ్యలోకి లాగకండి, నాది తీరి ఏడాదైంది 😀

చిట్టి_బఫర్
ఇద్దరూ ఆగండి. బాబు గారి ఎస్‌ట్రేస్‌లో క్లోజ్ ఎందుకు కనపడలేదో ఎవరైనా ఆలోచించారా? సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) మొదలయ్యేటప్పుడే ఎస్‌టీడీ అవుట్‌ని 'క్లోజ్ఎఫ్‌డీ అబద్ధం' అనే షరతుతో తెరుస్తుంది. అంటే పైథాన్ ఆబ్జెక్ట్ తనను తాను మూసుకున్నట్టు రాసుకుంటుంది గానీ కెర్నల్‌లో 1 నిక్షేపంగా ఉంటుంది. కాబట్టి డూప్ కూడా అక్కర్లేదు. 1 మీదే మళ్లీ ఓపెన్ పిలవండి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, అదే షరతు. కోనసీమ గారి పద్ధతి పనిచేసింది కొత్త ఆబ్జెక్ట్ తెరవడం వల్ల. డూప్ పుణ్యం ఏమీ లేదు.

కోనసీమ_కోడర్
సరే. పనిచేసింది కదా.

లాగుల_లచ్చి
పాతకాపు గారి లెక్కలో మరి విడిగా కావాలంటే ఏం చేయాలి? ప్రాక్ సెల్ఫ్ ఎఫ్‌డీ కింద 1ని మళ్లీ తెరిస్తే వేరే డిస్క్రిప్షన్ వస్తుందని ఎవరో చెప్తే నేనూ చేశా. ఎస్‌టీడీ అవుట్ మామూలు ఫైల్లోకి మళ్లి ఉంది. కొత్త ఆఫ్‌సెట్ సున్నా నుంచి మొదలైంది, పొద్దుటి లాగ్ మొదటి లైన్ల మీద మధ్యాహ్నం లైన్లు ఎక్కి కూర్చున్నాయి. అపెండ్ పెట్టి తెరవాలని మేనేజర్ అరిచాక తెలిసింది.

పాతకాపు_సీ
సాకెట్ అయితే అలా తెరుచుకోదు కూడా. ఇంకోటి, రాత్రి_డ్యూటీ లాంటి కేసుల్లో ఎస్‌ట్రేస్‌కి ఎఫ్‌సీఎన్‌టీఎల్ (ఫ్లాగులు మార్చే కాల్) ఒక్కటే ఇచ్చి వెతికేవాళ్లు దొంగని పట్టుకోలేరు. నాన్‌బ్లాకింగ్‌ని ఐఓసీటీఎల్ అనే ఇంకో కాల్‌తోనూ పెట్టొచ్చు, లిబ్‌యూవీ (నోడ్ వాడే లైబ్రరీ) చేసేది అదే. రెండూ ఇవ్వండి, పిల్ల ప్రాసెస్‌ల కోసం ఎఫ్ ఆప్షన్ కూడా.

రాత్రి_డ్యూటీ
ఓహో! నా వారం అందుకే పట్టింది. ఈ ముక్క అప్పుడు చెప్పి ఉంటే మీ కాళ్లకి మొక్కేవాణ్ని.

తాళం_తిరుపతి
ఇవన్నీ చిన్న బాధలు. ఒకే ఫైల్‌ని ఇద్దరు ఒకేసారి రాయకుండా ఆపే పాత తరహా పోసిక్స్ తాళాల సంగతి చూడండి. మీరు ఫైల్‌కి తాళం వేసుకుని రాస్తుంటారు. అదే ప్రాసెస్‌లో ఏదో లైబ్రరీ ఆ ఫైల్‌ని ఊరికే తెరిచి, సైజు చూసి, మూసిందనుకోండి, మీ తాళం పోయినట్టే. ఎర్రర్ రాదు, చప్పుడు ఉండదు. లినక్స్ 3.15లో, 2014లో, డిస్క్రిప్షన్‌కి కట్టుబడే తాళాలు వచ్చాయి గానీ వాడేవాళ్లు ఎక్కడ?

ప్రశ్నార్థకం
ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) మీద తాళాల గురించి మొదలెట్టకండి అన్నా, తెల్లారిపోతుంది.

బిల్లుల_బాబు
సుబ్బు గారూ, దొరికింది. మీరన్నట్టే రాపర్, ఫంక్షన్ చివర్లో పాతది తిరిగి పెడుతున్నారు. పైన డిటాచ్ పెట్టి నడిపితే నూట నలభై బిల్లులూ పడ్డాయి, 'కందిపప్పు' దగ్గర ఆగేది ఇప్పుడు ఆగలేదు. చిట్టి_బఫర్ గారికి కూడా థాంక్స్, ఎస్‌ట్రేస్ గుట్టు వీడింది. థ్రెడ్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సెమికోలన్_సుబ్బు
ఎస్‌టీడీ అవుట్ ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే కదా, లాగ్ అక్కడికే వెళ్తుంటే ఆ థ్రెడ్‌కీ తగులుతుంది. ఫైల్‌కి వేరేగా రాస్తుంటే ఢోకా లేదు. ప్యాచ్ పంపండి.

తాళం_తిరుపతి
పంపితే ఆ ఫంక్షన్ తెరిచే మిగతా ఫైళ్లు కూడా ఒకసారి చూడండి. తాళాల విషయం నేను ఊరికే చెప్పలేదు.