381654729: ఏడు దగ్గర ఆగిపోయాం, దారి చెప్పండి

నమస్కారం అండి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి ఈ సంఖ్య పిచ్చి పట్టుకుంది, నాకూ అంటించింది. 1 నుంచి 9 దాకా ప్రతి అంకె ఒక్కసారే వస్తుంది, 38ని 2 నిశ్శేషంగా భాగిస్తుంది, 381ని 3, 3816ని 4, అలా చివరికి మొత్తం సంఖ్యను 9 భాగిస్తుంది. ఇలాంటిది ఇదొక్కటే. ఎందుకు ఒక్కటే అనేదే మా తంటా.

పాత క్యాలెండర్ వెనక రాసుకుంటూ కొంత దూరం వచ్చాం. అయిదో స్థానంలో 5 తప్పదు, సరి స్థానాల్లో సరి అంకెలే, 4, 8 స్థానాల్లో 2, 6 మాత్రమే కుదురుతాయి, మధ్య మూడంకెల మొత్తాన్ని 3 భాగించాలి, కాబట్టి అవి 258 లేదా 654. 7 తప్ప మిగతా షరతులు పెడితే పది సంఖ్యలు మిగిలాయి.

ఆ పదింటినీ 7తో ఒక్కొక్కటే చూడాల్సి వచ్చింది. మన సంఖ్యలో మొదటి ఏడంకెలు 3816547ని కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి, 547లోంచి 816 తీసి 3 కలిపితే −266, అంటే −7×38, కాబట్టి ఇదొక్కటే నిలిచింది. మిగతా తొమ్మిదీ పోయాయి. లెక్క సరే గానీ, నాకు తృప్తిగా లేదు.

పదీ చూడకుండా 7 దగ్గర ముందే కొన్నింటిని కొట్టేసే ఉపాయం ఏమైనా ఉందా? పిల్లకి అర్థమయ్యేలా చెబితే చాలా మేలు చేసినవారవుతారు.