ఇంట్ల అందరి వంటే తింటూ మెల్లగ బరువు తగ్గుడు అయితదా? ఫస్ట్ ఏ అలవాటు పట్టుకోవాలె?

ఓరుగల్లు_కోడలు:
అందరికి నమస్తే. మాది హనుమకొండ, ప్రైవేట్ స్కూల్ల టీచర్‌గ చేస్తున్న. వయసు 37, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 78 కిలోలు. మా తోటికోడలు ఏదో పౌడర్ డబ్బలు తెచ్చుకొని తాగి వాళ్ల తమ్ముని పెండ్లికల్ల సన్నగైంది, సంక్రాంతికల్ల మళ్ల మొదటికే వచ్చింది, ఇంకో రెండు కిలోలు ఎక్కువే. నాకు అట్లాంటిది వద్దు, రెండేండ్లు పట్టినా పర్వాలేదు, తగ్గింది మాత్రం మళ్ల రావద్దు.

నా ఇబ్బందేందంటే ఇంట్ల ఆరుగురం, వంట ఒక్కటే. నాకోసం సపరేట్‌గ సలాడ్లు, ఓట్స్ చేస్కునే టైం లేదు, చేస్కున్నా మా అత్తమ్మ "ఏమైంది బిడ్డా, పాణం మంచిగ లేదా" అని అడుగుతది. చాయ్ రోజుకు నాలుగుసార్లు (రెండు చెంచాల చక్కెర), రెండు పూటలు అన్నం, స్కూల్ నుంచి వచ్చినంక ఆకలికి చేతికి ఏది దొరికితే అది, ఎక్కువగ మిక్చర్, బిస్కెట్లు. అన్నీ ఒక్కసారి మార్చుడు నాతోని కాదు. ఒక్కొక్కటి మార్చాలంటే దేనితోని షురూ చేయాలె?

కాజీపేట_జంక్షన్:
సింపుల్ అక్క. రాత్రి అన్నం బంద్ చేసి చపాతి తినుండ్రి, పొద్దుగాల వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్ చేయుండ్రి. నెలకు ఐదు కిలోలు పక్కా.

బియ్యం_బస్తా:
తమ్మీ, నెలకు ఐదు కిలోలు అని ఆశ పెట్టుడుతోనే జనం పౌడర్ డబ్బల ఎంబడి పడుతున్నరు. వారానికి అర కిలో తగ్గినా అది మంచి స్పీడే. ఇగ చపాతి సంగతి, రెండు చపాతీలు కాల్చి పైన నూనె రాస్తే ఒక కప్పు అన్నంతోని సమానం అయితది, రొట్టె అంటేనే డైటింగ్ అనుకొని నాలుగు లాగిస్తరు మళ్ల. కట్ట మీద నడిచేటోళ్లను చూస్త కదా, అరగంట జోరుగ నడిస్తే కరిగేది 120, 150 క్యాలరీలు, దిగంగనే బండి కాడ రెండు మిర్చి బజ్జీలు తింటే లెక్క బరాబర్. నడువొద్దని అంటలేను, షుగర్‌కు, గుండెకు, నిద్రకు మస్తు మంచిది, కానీ బరువు మాత్రం ముందుగల్ల పళ్లెంల తగ్గాలె.

అక్క, నా మాట చాయ్‌తోని షురూ చేయుండ్రి. నాకు ఏనుమాముల మార్కెట్ దగ్గర దుకాణం ఉంది, వచ్చినోళ్లందరికి చాయ్ చెప్పాలె, వాళ్లతోని మనం కూడ తాగాలె, లేకపోతే బాగుండదు. హోటల్ చాయ్‌ల చక్కెర ముందే గంజుల కలిపి మరగపెడ్తరు, "జర తక్కువెయ్" అంటే వాడు నవ్వుతడు. అందుకే నేను చక్కెర జోలికి పోలే, గ్లాసు సగం పోయమంటున్న. ఇంట్లయితే మీ చేతులనే ఉంది కదా, రెండు చెంచాలను ఒకటిన్నర చేయుండ్రి, నాలుకకు అలవాటైనంక ఒకటి. ఒక్కసారే బంద్ చేస్తే నాలుగో రోజు మళ్ల మూడు చెంచాలు పడ్తయి.

గిన్నెప్ప:
నేను న్యూట్రిషన్ చదివిన, అందుకే జర పెద్దగ రాస్తున్న, ఓపికతోని చదువుండ్రి.

చాయ్ లెక్క కరెక్టే. ఎనిమిది చెంచాలంటే దగ్గర దగ్గర 40 గ్రాముల చక్కెర, 160 క్యాలరీలు. డబ్ల్యూహెచ్ఓ వాళ్లు రోజుకు 25 గ్రాముల లోపుంటే మంచిదంటరు, అది కూడ బిస్కెట్లు, స్వీట్లల్ల ఉండేదంత కలుపుకొని. కానీ నన్నడిగితే ఇంట్ల ఎవ్వరికి తెల్వకుంట చేసే పని ఇంకోటుంది, నూనె. నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తరు? ఆరుగురికి ఆరు అనుకుందాం. లీటరు ప్యాకెట్ల నూనె 910 గ్రాములుంటది, అంటే మనిషికి రోజుకు 30 గ్రాములు. గ్రాముకు 9 క్యాలరీలు, మొత్తం 270. ఈ నెల ఐదు ప్యాకెట్లే తెచ్చి మొదటి తారీఖు నాడే ఒక క్యాన్ల పోసి పెట్టుండ్రి, నెలాఖరు దాక అదే నడువాలె. రెండు మూడు నెలలైనంక నాలుగు. అప్పటికి మనిషికి రోజుకు 90 క్యాలరీలు తగ్గినట్టు. కాగితం మీద లెక్కేస్తే ఏడాదికి 4 కిలోలు దాటుతది, అసలుకు అంత రాదు, బరువు తగ్గినకొద్ది ఒంటికి కావాల్సింది కూడ తగ్గుతది కాబట్టి. అయినా మీ ఒక్కరికే కాదు, మీ మామయ్యకు కూడ తగ్గుతది, ఎవ్వరు ఏమి అడుగరు.

ప్యాకెట్ కొస కత్తిరించి కడాయిల వంచుడు మాత్రం బంద్ చేయాలె, చెంచాతోనే పోయాలె. సర్వపిండి చేసేటప్పుడు చూడుండ్రి, వేలితోని పొడిచిన ఒక్కొక్క బొక్కల నూనె, మళ్ల అంచు చుట్టు నూనె. బొక్కకు రెండు చుక్కలేసి మూతపెట్టి సన్నని మంట మీద జరసేపు ఎక్కువ ఉంచితే అదే కరకర కాలుతది.

సాయంత్రం ఆకలికి గుడాలు. బొబ్బెర్లో శనగలో రాత్రి నానబెట్టి పొద్దుగాల కుక్కర్ల ఉడకబెట్టి పోతే వచ్చేసరికి రెడీ, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మకాయ. ప్రోటీన్, పీచు ఉంటయి కాబట్టి రాత్రి అన్నం కాడ మీకే తెల్వకుంట చెయ్యి తగ్గుతది. పల్లీలు మంచివని చెప్పి గిన్నెడు తినకుండ్రి, పిడికెడు అంటేనే 170 క్యాలరీలు.

ఇంకోటి, 5 అడుగుల 2 అంగుళాలకు 78 అంటే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చూసే లెక్క) 31 దాటింది. మన ఇండియన్లకు 25 దాటితేనే ఒబేసిటీ కింద లెక్క. కాబట్టి ఒకసారి థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకోండ్రి. భయపెట్టుడు కాదు, థైరాయిడ్ ఉంటే అలవాట్లు మార్చినా ముల్లు కదలక మీరే విసుగొచ్చి వదిలేస్తరు. 60కి రావాలె అని పెట్టుకోకుండ్రి, ముందు 74. ఐదు శాతం తగ్గినా బీపీ, షుగర్లల్ల తేడా వస్తది.

ఓరుగల్లు_కోడలు:
అమ్మో, ఆరు ప్యాకెట్లే అక్క, మీరు మా ఇంట్ల చూసినట్టే చెప్పిన్రు 😅 నూనెతోనే షురూ చేస్త. మా ఆయన తెలంగాణ సోనా బియ్యం తెద్దామంటున్నడు, షుగర్ బియ్యం అంటరు కదా, అవి తింటే తగ్గుతదా?

గిన్నెప్ప:
తెచ్చుకోండ్రి, మన దగ్గరి అగ్రికల్చర్ యూనివర్సిటీ వాళ్లు తీసిన రకమే, ఆర్ఎన్ఆర్ 15048. గ్లైసిమిక్ ఇండెక్స్ తక్కువ, షుగర్ ఒక్కసారే పెరగదు. కానీ క్యాలరీలు మాత్రం మిగతా బియ్యం లెక్కనే. షుగర్ బియ్యం అని ఇంకో గంటె ఎక్కువ ఏసుకుంటే లాభం లేదు. అన్నం తగ్గించాలంటే పళ్లెంల ముందు కూర, గట్టిపప్పు ఏసుకొని మిగిలిన జాగల అన్నం పెట్టుకోండ్రి. మనం ముందు అన్నం కుప్ప పోసుకొని దాని మీద చారు పోస్తం, అక్కడనే వస్తది తిప్పలంత.

కాజీపేట_జంక్షన్:
సరే నా చపాతి ఓడిపోయింది 😂 మరి వాకింగ్ అయినా ఉంచుండ్రి.

బియ్యం_బస్తా:
ఉంచుదాం తమ్మీ. అక్క, పొద్దుగాల పిల్లల టిఫిన్లు, స్కూల్ ఉరుకులాటల కుదరదు కాబట్టి రాత్రి తిన్నంక గల్లీల పదిహేను నిమిషాలు చాలు, తిన్నంక నడిస్తే షుగర్‌కు ఇంకా మంచిది. మీ అత్తమ్మను కూడ తీస్కపోండ్రి, ముచ్చట్లల్ల టైం తెల్వదు, మీరు ఎగ్గొట్టిన నాడు ఆమెనే చెప్పులేసుకొని గేటు కాడ నిలబడ్తది.

గిన్నెప్ప:
అవును, అది మంచి మాట. బరువు వారానికి ఒక్కసారే, ఆదివారం పొద్దుగాల ఏం తినకముందు చూసుకోండ్రి. నెలసరి ముందు ఒంట్ల నీళ్లు నిలిచి కిలోన్నర ఎక్కువ చూపించినా పరేషాన్ కావద్దు. నడుముకు టేపు కూడ పెట్టి రాసుకోండ్రి, ఆడోళ్లకు 80 సెంటీమీటర్ల లోపుండాలె. నూనె క్యాన్ కొలతలున్నది దొరకకపోతే పాత లీటరు బాటిల్ మీద మార్కర్‌తోని వారానికో గీత పెట్టినా నడుస్తది.