నాన్న పుస్తకాలు ఎలా అమ్మాలి?

నాన్న పోయి ఏడాది కావస్తోంది. 40 ఏళ్లుగా ఆయన కూడబెట్టిన పాత పుస్తకాలు, రచయితల ఉత్తరాలు, సంతకాలున్న ఫొటోలు గది నిండా ఉన్నాయి.

మొన్న ఒక డీలర్ వచ్చి మంచివి 15 ఏరుకుని, మిగతావి తూకానికే పోతాయన్నాడు. ఒకదాని అట్ట లోపల నాన్న కొన్న తేదీ పెన్సిల్‌తో రాసుకున్నారు. అది చెరిపేయమన్నాడు కూడా! నాకు ఒళ్లు మండి పంపించేశాను.

మొదటి ముద్రణై, పైన కాగితపు జాకెట్ కూడా ఉంటే విలువ బాగా పెరుగుతుందని తెలుసు. కానీ మొదటిదో, పునర్ముద్రణో ఎలా పోల్చుకోవాలి? ముందు జాబితా రాసుకుని, తాను కొనని నిపుణుడెవరితోనైనా వెల కట్టించాలా? నేరుగా వేలానికిస్తే కమిషన్ పోను ఏం మిగులుతుందోనని టెన్షన్. ఉత్తరాలు విడిగా అమ్మితే నష్టమా? ఇలాంటివి అమ్మినవాళ్లుంటే కాస్త చెప్పండి.