ఐఐఎం ఇంటర్వ్యూకి రాసిచ్చిన జవాబులు బట్టీ పట్టాలా?

గుంటూరు_మెక్:
ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ తర్వాత రెండు ఐఐఎంల నుంచి ఇంటర్వ్యూ కాల్స్ వచ్చాయి. మార్చిలో హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలు. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు, వచ్చే ప్రశ్నలన్నిటికీ ఇంగ్లీషులో జవాబులు రాసిచ్చి రోజూ అప్పజెప్పించుకుంటామంటున్నారు. ఫీజు తక్కువేం కాదు, అయినా నాన్న కట్టేద్దామంటున్నారు. నాకేమో ఇంగ్లీషులో మాట్లాడాలంటేనే టెన్షన్. చేరమంటారా?

పటమట_అక్క:
వద్దు తమ్ముడూ. పూర్వ విద్యార్థిగా మా కాలేజీ ఇంటర్వ్యూ ప్యానెల్‌లో ప్రొఫెసర్ల పక్కన కూర్చున్నాను, చూసిందే చెబుతున్నాను. ‘ఎంబీఏ ఎందుకు’ అని అడగ్గానే కొందరి గొంతు మారిపోతుంది. కళ్లు పైకి వెళ్తాయి, మాటలు గబగబా దొర్లుతాయి. మధ్యలో ఆపి ‘లీడర్‌షిప్ అన్నావు కదా, నువ్వు నలుగురి చేత పని చేయించిన సందర్భం ఒకటి చెప్పు’ అంటే ఇక నోరు పెగలదు. పాపం, తెలివైన పిల్లలే.

నీది గుంటూరు. ఊరు పేరు చూడగానే మిర్చి గురించి అడిగే అవకాశం చాలా ఉంది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది. పాత సరుకు కోల్డ్ స్టోరేజీల్లో ఉండగానే కొత్త పంట వచ్చి, చైనా లాంటి దేశాల నుంచి ఆర్డర్లు తగ్గితే మిర్చి యార్డులో ఏమవుతుంది? మంచి ధర కోసం రైతు సరుకు దాచుకుంటే అద్దె, వడ్డీ కలిసి ఎంత మింగుతాయి? యార్డులో ఒక పూట నిలబడి నలుగురితో మాట్లాడితే ఇవన్నీ నీ మాటల్లోనే వస్తాయి. వాటిని ఏ సెంటరూ రాసివ్వలేదు.

బెజవాడ_కామర్స్:
అక్కా, మీరు చెప్పేది ఇప్పటికే మాట్లాడగలిగేవాళ్లకి. ఇంట్లో ఇంగ్లీషు మాటే వినపడని పిల్లలకి నోరు తిరగాలంటే చేతిలో ముందు ఏదో ఒకటి ఉండాలి. మా పిన్ని కొడుకు తెలుగు మీడియం. సెంటర్‌లో మాక్ ఇంటర్వ్యూ, అంటే నమూనా ఇంటర్వ్యూ పెట్టి వీడియో తీసి చూపించేదాకా, మాట్లాడినంతసేపూ బల్లకేసి చూస్తున్నాడని వాడికే తెలియదు. ఇంట్లో ఎవరు చెబుతారు అది? డబ్బు దండగ అనేయడం తేలిక.

నిన్నటి_బీటెక్:
డిగ్రీ సబ్జెక్టులు వదలొద్దు. మెకానికల్ కాబట్టి ఒట్టో సైకిల్‌కీ డీజిల్ సైకిల్‌కీ తేడా అడుగుతారు, తడబడితే అక్కడే తవ్వుతారు. చాలా ఐఐఎంలలో వ్యాట్ అనే రాతపరీక్ష కూడా ఉంటుంది.

పటమట_అక్క:
కామర్స్ గారూ, మాక్‌లు వద్దని నేను అనలేదు. వీడియో సంగతి మీరు చెప్పింది నిజం, అది తప్పకుండా కావాలి. రాసిచ్చిన జవాబులతోనే నా తగాదా. ఇంగ్లీషులో తప్పులు దొర్లితే ప్యానెల్ సర్దుకుపోతుంది. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి అయితే మార్కు పడదు.

బెజవాడ_కామర్స్:
మాక్‌ల దాకా ఒప్పుకుంటాను. కానీ ‘నీ గురించి చెప్పు’ అనేదానికైనా సొంతంగా రాసుకుని, నోటికి వచ్చేదాకా చదవాల్సిందే. మొదటి నిమిషం గట్టెక్కితే వణుకు తగ్గుతుంది. ఈ మాట మీద మాత్రం నేను తగ్గను.

గుంటూరు_మెక్:
సెంటర్ వాళ్లని అడిగాను, మాక్‌లు విడిగా ఇవ్వరట. మా కాలేజీ సార్, బ్యాంకులో పనిచేసే మామయ్య ఆదివారాలు కూర్చుని ప్రశ్నలు అడుగుతామన్నారు, ఫోన్‌లో వీడియో తీసుకుంటాను. సోమవారం యార్డుకి వెళ్తున్నా. అక్కా, అక్కడ కమీషన్ ఏజెంట్‌ని ఏమడగాలి?

పటమట_అక్క:
కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీల (మిర్చి బస్తాల) మీద అప్పు ఎవరిస్తారు, వడ్డీ ఎంత, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు అని అడుగు. తేజ రకం మిర్చికీ మామూలు రకానికీ ధరలో తేడా ఎందుకో అడుగు. తర్వాత అవే ప్రశ్నలు ఒక రైతునీ అడుగు. ఇద్దరి జవాబులూ కలవకపోతే ఎందుకు కలవలేదో మామయ్యకి ఇంగ్లీషులో వివరించి చూడు.